మూడు వేల రంగు, ఆరు వారాల రుద్దుడు

"ఇంట్లోనే మూడు వేలకి కారుకి కొత్త రంగు" అనే వీడియోలు ఈ మధ్య నా ఫోన్‌లో వరసగా వస్తున్నాయి. ఒకాయన వస్తాడు, కారుని గుడ్డతో ఒకసారి తుడుస్తాడు, పాట మొదలవుతుంది, నిమిషంలో కారు అద్దంలా మెరుస్తుంది. కింద కామెంట్లు చూడాలి: "అయితే పెయింటర్లు ఇన్నాళ్లూ మనల్ని దోచుకున్నారన్నమాట!" అది చదివి ఒళ్లు మండి ఇది రాస్తున్నా. ఆ పని నేను చేశాను కాబట్టి. మొదలుపెట్టే ముందు నేనూ ఆ కామెంట్ బాపతే.

మాది నాన్న కొన్న 2005 మారుతి 800, తెలుపు. బానెట్, టాపు ఎండకి పాత సున్నపు గోడలా తయారయ్యాయి. చెయ్యి ఆనిస్తే అరచేతికి తెల్లటి పొడి. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఫుల్ బాడీకి 28 వేలు అన్నాడు ఒకాయన. కారు అమ్మితే 50 వేలు వస్తే గొప్ప. "రంగుకి అంతా?" అన్నాను. ఆయన నవ్వి, "రంగుకి కాదు సార్, పనికి" అన్నాడు. అందరూ అనే మాటేలే అనుకుని ఇంటికొచ్చేశా.

ముందు స్ప్రే డబ్బాలు కొన్నా. మూడు డబ్బాలు, 900 రూపాయలు. బానెట్ కూడా నిండలేదు. దగ్గరగా కొడితే కారింది, దూరం నుంచి కొడితే గరుకుగా ఆరింది. అదంతా మళ్లీ రుద్ది తీసేశా.

తర్వాత ఫ్రెండ్ ఒకడు "కంప్రెసర్ ఇస్తా, పీయూ కొట్టెయ్" అన్నాడు. ఇక్కడ మాత్రం నవ్వులాట లేదు, జాగ్రత్తగా చదవండి. పీయూ అంటే పాలీయురేథేన్, షాపుల్లో కార్లకి స్ప్రే చేసే రంగు. అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ పొగమంచు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం. వాసన వచ్చినప్పుడు చూసుకుందాం అనుకోవడానికి లేదు, వాసన తెలిసేలోపే మోతాదు మించిపోవచ్చు. కరోనా నాటి మాస్కు దానికి ఎందుకూ పనికిరాదు. బయటి నుంచి ట్యూబు ద్వారా మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది మన ఇళ్లల్లో ఎవరి దగ్గరుంది? గోడ పక్కనే ఇంకో ఇల్లు, ఆ కిటికీలో చంటిపిల్ల. వద్దన్నా.

మిగిలింది గేట్లకీ గ్రిల్స్‌కీ వేసే సింథటిక్ ఎనామెల్, స్పాంజి రోలర్. "గేటు రంగా!" అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. మనవాళ్లు ఇప్పటికీ కారు రంగుని డ్యూకో అంటారే, అది 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన లక్కర్, అంటే తొందరగా ఆరే రంగు పేరు. అది రాకముందు కార్లకి బ్రష్షుతో వార్నిష్ రంగులే, కోటు మీద కోటు వేసి, రుద్ది, ఆరబెట్టి, వారాల తరబడి. నేను చేసింది ఆ ముత్తాతల పద్ధతే.

అసలు కథ రుద్దుడు దగ్గర. వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, 320 నంబరుతో మొదలుపెట్టి ఇంకా నున్నటి 600 దాకా కారంతా. మొదటి ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దితే ఒక డోరు, సగం ఫెండర్ అయ్యాయి. రాత్రి అన్నం కలుపుకోవడానికి వేళ్లు వంగలేదు. పక్కింటి బాబాయ్ గారు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. గోడ మీంచి చూసి చూసి, "నీళ్లు ఆరనివ్వకు అబ్బాయ్, కాగితం జారాలి గానీ గీకకూడదు" అన్నారు. ఆ ఒక్క ముక్క ఏ వీడియోలోనూ చెప్పలేదు. పుట్టీని మాత్రం పొడిగానే రుద్దాలి, నీళ్లు పీల్చుకుంటే తర్వాత రంగు కింద బుడగలొస్తాయి. ఇది బుడగలొచ్చాక తెలిసింది.

వెనక చక్రం పైన చిన్న తుప్పు పొక్కు ఉంటే స్క్రూడ్రైవర్‌తో గీకా. స్క్రూడ్రైవర్ లోపలికి వెళ్లిపోయింది! రేకు కోసి అతుకు వేయించడానికి వెల్డింగ్ షాపులో 1,200.

ఎనామెల్‌ని టర్పెంటైన్‌తో ఇంచుమించు పాలంత పల్చగా కలపాలి. తొందరగా ఆరుతుందని లక్కర్ రంగుల్లో కలిపే ఎన్.సి. థిన్నర్ కలిపారో, కింది కోటు ముడతలు పడుతుంది. మొదటి రెండు కోట్లయ్యాక కారు చూసి అమ్మ, "ఇదేంట్రా, పండక్కి అరుగుకి సున్నమేసినట్టుంది" అంది. నిజంగా అలాగే ఉంది. రెండేసి కోట్లకోసారి రుద్దుతూ, ఆరు కోట్లు వేశాకే కాస్త రంగులా కనబడింది. డోర్ల మీద అక్కడక్కడ రంగు నిలవక గుండ్రటి గుంటలు పడ్డాయి. టైర్లకి రాసిన సిలికాన్ పాలిష్ చుక్కలు ఎప్పుడో అక్కడ చింది ఉంటాయి. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి మళ్లీ మొదటికి.

ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పని సాగి సాగి ఉగాది దగ్గరికొచ్చింది. మా వాకిట్లో వేపచెట్టు ఉందన్న సంగతి, చివరి కోటు వేసిన బానెట్ మీద పూత రాలేదాకా నాకు తట్టలేదు. పచ్చడిలోకి ఏరుకున్నట్టు ఒక్కొక్కటే పట్టకారుతో ఏరా.

ఇప్పుడు లెక్క. రంగు, టర్పెంటైన్, ప్రైమర్, పుట్టీ, వాటర్ పేపర్లు, రోలర్లు, టేపు, పాలిష్ కలిపి 3,560. వీడియో వాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. వెల్డింగ్, పాడైన డబ్బాలు కలిపితే 5,660. ఆరు వారాలు, శని ఆదివారాలు, రోజుకి ఆరు గంటలు: 72 గంటలు. అంటే రోజుకి ఎనిమిది గంటల లెక్కన తొమ్మిది రోజుల పని. రోజుకి వెయ్యి వేసుకున్నా ఇంకో తొమ్మిది వేలు. అదీ నాలాంటి చేతకానివాడి పనికి, గేటు రంగుకి. ఆటోనగర్ ఆయన వాడేది పీయూ, పైన షెడ్డు అద్దె, కంప్రెసర్, కరెంటు, ఒక హెల్పరు, ఏళ్ల తరబడి ఆయన పీల్చిన ఆ గాలి. 28 వేలల్లో దోపిడీ ఎక్కడుందో ఆ కామెంట్లు పెట్టినవాళ్లే చూపించాలి.

అయినా చెయ్యొద్దని అనను. పాత కారు, ఖాళీ వాకిలి, ఓపిక ఉంటే చేసుకోండి. కొత్త కారు జోలికి మాత్రం వెళ్లకండి, ఎనామెల్ ఎండకి త్వరగా మెరుపు పోతుంది. రంగు మార్చే సరదా కూడా వద్దు, ఆర్సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి.

మొన్న మా బావ వచ్చి పదడుగుల దూరంలో ఆగి, "బాగుందిరా, ఎంతయింది?" అన్నాడు. ఇంకో రెండడుగులు ముందుకేసి బానెట్ మీదికి వంగాడు. "ఇవేంటి, డిజైనా?" వేపపూత అచ్చులు. డిజైనే అని చెప్పా.