పులస, యట్ ద రేట్, 5000

వెటకారం మీద సర్వహక్కులూ గోదావరి జిల్లాల వాళ్లవేనని ఇన్నాళ్లూ కాలరెగరేసుకుని తిరిగాం. ఇకమీదట ఆ మాట అనకండి. పొద్దున్నే పది గంటలకి, కౌంటర్ ముందు ఎనిమిది మంది రైతులు నిలబడి ఉండగా, "మీ పాస్‌వర్డ్ గడువు ముగిసింది, మార్చుకోండి" అని చల్లగా చెప్పే కంప్యూటరు ముందు మన వెటకారం ఏపాటిది?

ఆఫీసు పేరు చెప్పను. డెల్టాలో ఓ కాలువ గట్టు మీద ఉంటుంది. దాళ్వా ధాన్యం మిల్లుకి తోలాలంటే ట్రక్ షీట్ అనే కాగితం అక్కడే తియ్యాలి. ఈపాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది, మీ ఊళ్లోనూ అలాంటిదొకటి ఉంది కాబట్టి. నేను మా బావగారి తరఫున వెళ్లాను. ఆయనైతే గొడవ పడతారని, నేనైతే ఇంటికొచ్చి రాసుకుని ఊరుకుంటానని మా అక్క నమ్మకం.

ముందు శాస్త్రం చెప్పుకుందాం. విండోస్ మీద నడిచే ఆఫీసు నెట్‌వర్కులో ఎవరూ వేలు పెట్టకుండా వదిలేస్తే పాస్‌వర్డు ఆయుష్షు 42 రోజులు. అయ్యప్ప దీక్ష కంటే ఒక్క రోజు ఎక్కువ. కొత్తది కనీసం ఏడక్షరాలుండాలి. అందులో పెద్దబడి, చిన్నబడి, అంకె, గుర్తు, వీటిల్లో మూడు రకాలు పడాలి. (పెద్దా చిన్నా తేడాలేని తెలుగులాంటి లిపుల అక్షరాలకీ ఐదో రకంగా చోటుంది. ఈ సంగతి ఆ ఆఫీసులో ఎవరికీ తెలీదు, చెబితే నమ్మలేదు.) పాత 24 పాస్‌వర్డుల్లో ఏదీ మళ్లీ రాకూడదు. ఇరవై నాలుగు! మా ఊళ్లో గట్టు తగాదాలు తాతల నాటి నుంచి అప్పజెప్పే పెద్దమనిషి ఉన్నాడు, ఆయన కూడా అన్ని గుర్తుపెట్టుకోడు.

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది ఆ తిరస్కారం. కొత్త పాస్‌వర్డు నచ్చకపోతే "పొడవు, క్లిష్టత, చరిత్ర నిబంధనలకు సరిపోలేదు" అంటుంది. మూడింట్లో ఏది? అది చెప్పదు. పెళ్లిచూపులకొచ్చి, తాపేశ్వరం కాజాలు రెండేసి లాగించి, "అమ్మాయి బాగానే ఉంది గానీ..." అని చెప్పులేసుకుని వెళ్లిపోయిన వాళ్లలాగా.

సీట్లో ఉన్నది కాంట్రాక్టు ఆపరేటరమ్మాయి. పాపం, మొదట వాళ్లబ్బాయి పేరూ 123 కొట్టింది. కుదర్లేదు, రెండు రకాలే ఉన్నాయి. తర్వాత అన్ని రకాలూ వేసి కొట్టింది. కుదర్లేదు, ఆరక్షరాలే. మూడోసారి కిందటి సంక్రాంతికి పెట్టుకున్నది కొట్టింది. చరిత్ర అడ్డొచ్చింది. మూడు తప్పులకీ తిట్టు ఒక్కటే, అక్షరం తేడా లేదు.

ఎనిమిది మంది గోదావరి జిల్లా మగాళ్లు ఒక సమస్య ముందు నిలబడి సలహా ఇవ్వకుండా ఉండటం సృష్టిలో లేదు.

"ద్రాక్షారామం పెట్టండమ్మా, భీమేశ్వరుడి పేరు. ఎవడూ కాదనడు."

"దేవుణ్ణి పెడితే అంకెలేం పెడతారండీ? చేపల్లోకి రండి. చేపకి రేటుంటుంది."

"ఆయ్, పులస!"

"పులస అంటే ఎంత పెట్టాల?"

ఈ రేటు మీద పావుగంట నడిచింది. అప్పుడు వేసవి, పులస వచ్చేది వరద ఎర్రనీళ్లతో, కాబట్టి ఇప్పుడు రేటేమిటని ఒకాయన న్యాయమైన అభ్యంతరం లేవదీశాడు. చివరికి 5000 దగ్గర తెగింది. చివర నిలబడ్డ కుర్రాడు మాత్రం, "పిన్నులూ పాస్‌వర్డులూ ఎవరికీ చెప్పొద్దంటారు కదండీ" అని గొణిగాడు. "అది బ్యాంకులోరా. ఇది మన ఆఫీసు" అని వాణ్ణి కూర్చోబెట్టేశారు.

ఈలోగా హెల్ప్‌లైన్ దొరికింది. స్పీకర్ ఫోన్లో ఆయన అడిగినవి మూడు: క్యాప్స్ లాక్ చూశారా, నమ్ లాక్ చూశారా, రీస్టార్ట్ చేశారా. ఆ తర్వాత ఓ చిట్కా చెప్పాడు. చుక్కల్లో ఏం పడుతోందో తెలీట్లేదు కదా, పాస్‌వర్డుని ఓసారి యూజర్‌నేమ్ గడిలో టైపు చేసి, కళ్లారా చూసుకుని, చెరిపేసి, అప్పుడు కిందగడిలో కొట్టమన్నాడు. చిట్కా మంచిదే, నేనూ వాడతాను. కాకపోతే జనానికి కనిపించాలని ఆ మానిటర్‌ని కౌంటర్ వైపు తిప్పి పెట్టారు. పెద్దబడి పీతో పులస, యట్ ద రేట్, 5000. ఎనిమిది మందీ కూడబలుక్కుని పైకి చదివారు. మెట్ల మీద టీ తెచ్చిన కుర్రాడు తొమ్మిదో వాడు.

కంప్యూటరు ఒప్పుకుంది! చప్పట్లు కూడా కొట్టారు.

ఆ అమ్మాయిది మంచి బుద్ధి, అదే కొంప ముంచింది. ఇంతమందికి తెలిసిపోయింది, ఇంకోటి పెట్టుకుంటానంది. ఈసారి నిబంధనలన్నీ చూసుకుని, ఎవరికీ కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టి కొట్టింది. మళ్లీ అదే తిట్టు: పొడవు, క్లిష్టత, చరిత్ర. నిజానికి ఈ మూడూ కావు. ఒకసారి మార్చిన పాస్‌వర్డుని ఒక రోజు గడిచేదాకా మళ్లీ మార్చనివ్వకపోవడం ఇంకో నిబంధన. దానిక్కూడా వేరే మాట ఖర్చెందుకని ఆ పాత తిట్టే తిడుతుంది. అంటే మండలం సగానికి తెలిసిన పాస్‌వర్డు రేపటిదాకా అదే ఉండాలి. ఇదే భద్రత.

భోజనాలకి ముందు పై అధికారికి తెలుగులో ఓ ఉత్తరం కొట్టి, కంప్యూటరు లాక్ చేసి వెళ్లింది. వచ్చి పులస కొడితే తప్పంది. మళ్లీ తప్పంది. కీబోర్డు తెలుగులోనే ఉండిపోయింది. తెర కింద కుడి మూల రెండు మూడు అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది, కానీ హెల్ప్‌లైన్ మూడు ప్రశ్నల్లో అది లేదు. ఐదోసారికి అకౌంటు లాక్.

మాకు లాకులు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని కింద కాలువలూ లాకులూ చూస్తూ పెరిగాం. లాకంటే పడవ లోపలికి రావడం, వెనక తలుపు పడటం, నీళ్లు సమం కావడం, ముందు తలుపు తెరుచుకోవడం. పడవ ముందుకెళ్లడానికే కట్టింది. ఈ లాకులో వెనక తలుపు పడింది, అంతే. తియ్యాలంటే ఓటీపీ రావాలి. అది పాత ఆఫీసరుగారి ఫోనుకి వెళ్తుంది. ఆయన బదిలీ అయ్యి ఏడాది. ఫోన్ చేస్తే ఎవరిదో పెళ్లిలో ఉన్నారు, వెనక డీజే తప్ప ఏమీ వినపడలేదు.

నాలుగింటికి పడమట మబ్బు పట్టింది.

మా బావగారివి నలభై బస్తాలు, సొంత పొలం, ఎలాగో ఓర్చుకుంటారు. వరసలో ముందున్న పెద్దాయన కౌలు రైతు. పండినా పండకపోయినా మక్తా ఇవ్వాల్సిన మనిషి. తేమ 17 శాతం దాటితే కొనరని రోడ్డు మీద రోజుల తరబడి కాళ్లతో తిరగేసి తిరగేసి ఆరబెట్టాడు. పొద్దున మిషన్ పెడితే 16. కావలసిందల్లా ఒక్క కాగితం. ఆయనకి చేప పేరు తెలుసు, రేటు తెలుసు, చిట్కా తెలుసు, కాగితం మాత్రం రాలేదు. వాన వచ్చింది. ధాన్యం మీద కప్పిన బరకం ఎగిరిపోయింది.

ఏం దాస్తున్నారయ్యా ఆ కంప్యూటర్లో? గుర్తులూ అంకెలూ కలపండి, తరచూ మార్చండి అని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం రాసిన బిల్ బర్ అనే ఆయన, అందులో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో తనే చెప్పుకున్నాడు. పాస్‌వర్డు బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని ఆ ఏడే ఆ సంస్థా మాట మార్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ భద్రతా సిఫారసుల్లోంచి ఈ గడువుని తీసేసింది. రాసినవాడు వద్దన్నాడు, అమ్మేవాడు వద్దన్నాడు. మరి మీరు ఎవరి కోసం పట్టుకు వేళ్లాడుతున్నారు? తడిసిన బస్తాలకి మీ సర్వర్ డబ్బిస్తుందా? మీ పాలసీ రాసినవాడు ఒక్కసారి వచ్చి ఆ తారు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ధాన్యం తిరగేస్తాడా? ఆ అమ్మాయికి మెమో ఇచ్చారట. ఓటీపీ నంబరు ఏడాదిగా మార్చని వాడికి ఎవరిచ్చారు?

మూడో రోజు అటు వెళ్లాను. ఎండ కాస్తోంది. పెద్దాయన రోడ్డు మీద ధాన్యం తిరగేస్తున్నాడు. మిషన్ 19 చూపించిందట.

"లాకు తీశారాండీ?" అని అడిగాను.

"తీశారండి. పాస్‌వర్డు కూడా మార్చిందండి అమ్మాయి, చీటీ రాసి టీవీకి అంటించుకుంది."

"మళ్లీ చేపేనా?"

"చేపేనండి. పండుగప్ప" అన్నాడు, కాలితో గింజలు తోస్తూనే. "రేటు మాత్రం తక్కువేసిందండి."