ఆ 140 కోట్ల మంది మీ సరుకు కోసం కాచుకుని లేరు

“చైనాలో 140 కోట్ల జనం. నూటికి ఒక్కరు కొన్నా కోటీ 40 లక్షల మంది కస్టమర్లు. వెబ్‌సైట్‌ని వాళ్ల భాషలోకి మార్చండి. పేరున్న లైవ్‌స్ట్రీమర్ (ఆన్‌లైన్ ప్రత్యక్ష ప్రసారంలో సరుకు అమ్మిపెట్టే వ్యక్తి) చేత ఒక గంట చెప్పించండి. క్రాస్ బోర్డర్ పద్ధతిలో (విదేశం నుంచే నేరుగా కొనేవాళ్లకు) పంపితే లైసెన్సుల బెడద లేదు. విదేశీ బ్రాండంటే వాళ్లు పడిచస్తారు.” ఎగుమతుల గురించి మాట్లాడుకునే వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల రూపాల్లో తిరుగుతున్న మాట ఇది. ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం నిజాలు ఎక్కువ. అందుకే ముక్క ముక్కగా విడదీసి చూడాలి.

ముందు ఆ నూటికి ఒక్కరి సంగతి. అప్పటి ప్రధాని లీ కచియాంగ్ 2020 మేలో విలేకరుల ముందే చెప్పారు: తమ దేశంలో 60 కోట్ల మంది నెల రాబడి సుమారు వెయ్యి యువాన్లేనని. 2024 సర్కారీ లెక్కల్లో పన్నులు పోగా చేతికొచ్చే తలసరి ఆదాయం నగరాల్లో ఏడాదికి 54,188 యువాన్లు, పల్లెల్లో 23,119. షాంఘైలో ఇటలీ హ్యాండ్‌బ్యాగు కొనే ఉద్యోగినినీ, వాయవ్య చైనాలోని గన్సు కొండల్లో మొక్కజొన్న వేసే రైతునూ ఒకే కుప్పలో పోసి అందులోంచి ఒక శాతం తీయడం లెక్క అనిపించుకోదు. మార్కెట్ పెద్దదే, కాదనను. 2024లో వస్తువుల ఆన్‌లైన్ అమ్మకాలే 13 లక్షల కోట్ల యువాన్లు దాటాయి. కానీ ఆ మార్కెట్లోంచే అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే వెనక్కి తగ్గింది. 2003లో వచ్చిన చైనా షాపింగ్ సైటు టావోబావో అమ్మకందారుల దగ్గర ఫీజు తీసుకోకుండా మూడేళ్లలో దాన్ని పక్కకు నెట్టింది. అమెజాన్ కూడా 2019 జులైలో అక్కడి స్థానిక అమ్మకందారుల మార్కెట్‌ప్లేస్‌ని మూసేసింది. వీళ్లకు డబ్బు లేకనా, కంప్యూటర్లు తెలియకనా?

వెబ్‌సైట్‌ని అనువదిస్తే చాలన్నది రెండో ముక్క. అనువదించాక దాన్ని ఎవరికి ఎలా చూపిస్తారు? గూగుల్ తన సెర్చ్‌ని 2010 మార్చిలో చైనా ప్రధాన భూభాగం నుంచి తీసేసుకుంది. ఫేస్‌బుక్, యూట్యూబ్ 2009 నుంచి, ఇన్‌స్టాగ్రామ్ 2014 నుంచి అక్కడ తెరుచుకోవు. బయటి దేశపు సర్వర్ మీద ఉన్న సైటు వస్తే నత్తనడకన వస్తుంది. చైనాలోని సర్వర్ మీద పెట్టాలంటే పరిశ్రమలు, ఐటీ శాఖ దగ్గర ఐసీపీ అనే వెబ్‌సైట్ నమోదు కావాలి. దానికి మామూలుగా అక్కడ ఒక కంపెనీ ఉండాలి. ఇవన్నీ దాటినా, కొనేవాళ్లు కంపెనీ సైటు దాకా రావడం తక్కువ. షియావ్‌హోంగ్‌షు అనే సోషల్ మీడియా యాప్‌లో వాడినవాళ్లు రాసింది చదువుతారు, టిక్‌టాక్‌కి చైనా రూపమైన డోయిన్‌లో వీడియో చూస్తారు, టీమాల్ అనే షాపింగ్ వేదికలోని దుకాణం చాట్‌లో పది ప్రశ్నలు వేస్తారు. కొనడం ఆ యాప్‌లోనో, మెసేజింగ్ యాప్ వీచాట్ లోపలే నడిచే చిన్న యాప్‌లోనో (మినీ ప్రోగ్రామ్) అయిపోతుంది.

అనువాదంలో ఇంకో చిక్కు. మన దగ్గర ఆవకాయ సీసా మీద కూడా ‘అత్యుత్తమం’ అని రాసుకుంటాం. 2015లో సవరించిన చైనా ప్రకటనల చట్టం 9వ అధికరణ ‘అత్యుత్తమ’, ‘అత్యున్నత’, ‘జాతీయ స్థాయి’ లాంటి మాటల్ని ప్రకటనల్లో వాడొద్దంటుంది. జరిమానా 2 లక్షల నుంచి 10 లక్షల యువాన్ల దాకా. బ్రోషర్‌ని ఉన్నదున్నట్టు తర్జుమా చేసి పెడితే నేరాన్ని కూడా తర్జుమా చేసినట్టే.

ఇక లైవ్‌స్ట్రీమర్. ఆకర్షణ ఇక్కడే ఎక్కువ, ప్రమాదమూ ఇక్కడే. 2021 అక్టోబరు 20న సింగిల్స్ డే (నవంబరు 11 నాటి భారీ ఆన్‌లైన్ అమ్మకాల పండుగ) ముందస్తు అమ్మకాల్లో లీ జియాచీ అనే పేరుమోసిన స్ట్రీమర్ ఒక్క రాత్రి ప్రసారంలో సుమారు 1,060 కోట్ల యువాన్ల ఆర్డర్లు తెచ్చాడు. ప్రచారం చేసేవాళ్లు ఈ అంకెను మాత్రమే చూపిస్తారు. అతని ముందు కూర్చున్నవాళ్లు ఎందుకు కూర్చున్నారో చెప్పరు: అన్నిటికన్నా తక్కువ ధర అక్కడ దొరుకుతుందనే నమ్మకంతో. అంటే మీ సరుకుని మీరే తెగనమ్మాలి, పైగా ప్రసారంలో మీకిచ్చే సమయానికి రుసుము, అమ్మిన దాని మీద కమీషన్ ఇవ్వాలి. వెనక్కి వచ్చే సరుకు సంగతి సరేసరి. ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువుల్ని ఏడు రోజుల్లో కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు అక్కడి వినియోగదారులకు 2014 మార్చి నుంచే ఉంది.

2021లోనే ఫ్రాన్సు సౌందర్య సాధనాల సంస్థ లోరియల్‌కి ఏమైందో చూడండి. ముఖానికి వేసుకునే మాస్కుల పెట్టెను లీ జియాచీ, మరో పెద్ద స్ట్రీమర్ వీయా, ఇద్దరి ప్రసారాల్లోనూ ఏడాదిలోనే పెద్ద తగ్గింపు అని 429 యువాన్లకు అమ్మించింది. కొన్ని రోజులకు సొంత ప్రసారంలో, కూపన్లు కలిపితే అదే సరుకు 257 యువాన్ల చిల్లరకే దొరికింది. ముందు కొన్నవాళ్లు భగ్గుమన్నారు. స్ట్రీమర్లిద్దరూ కంపెనీతో పని ఆపేస్తున్నామని ప్రకటించారు. అంత పెద్ద సంస్థ క్షమాపణ చెప్పుకుంది. ఎవరి కస్టమర్లు వాళ్లు? లోరియల్ వాళ్లు కాదు, స్ట్రీమర్ల వాళ్లు.

అలాగని ఆ స్ట్రీమరయినా రేపు ఉంటారన్న భరోసా ఉందా? 2021 డిసెంబరులో హాంగ్‌ఝౌ పన్నుల శాఖ వీయాకు పన్ను ఎగవేతకు 134 కోట్ల యువాన్లు కట్టమని తాఖీదు ఇచ్చింది. ఆమె ఖాతాలు వెంటనే మాయమయ్యాయి. 2022 జూన్ 3 రాత్రి లీ జియాచీ ప్రసారంలో ట్యాంకు ఆకారపు ఐస్‌క్రీమ్ కేకు కనబడింది. మరునాడు, 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో నిరసనకారుల్ని సైన్యం ట్యాంకులతో అణచివేసిన ఘటన వార్షికోత్సవం; అక్కడ ఆ మాట ఎత్తడమే నిషిద్ధం. ప్రసారం మధ్యలోనే ఆగింది. అతను మళ్లీ కనిపించింది సెప్టెంబరులో. ఏడాది బడ్జెట్ అంతా ఒక్క మనిషి మీద పెట్టిన కంపెనీల గతి ఊహించుకోండి.

క్రాస్ బోర్డర్ అంటే లైసెన్సులే లేవన్న మాటలో కొంత నిజముంది. టీమాల్ గ్లోబల్ లాంటి వేదికల ద్వారా, ప్రభుత్వం అనుమతించిన జాబితాలోని సరుకును, చాలా వస్తువులకు మామూలు దిగుమతికి కావలసిన ముందస్తు రిజిస్ట్రేషన్ లేకుండా నేరుగా వినియోగదారుడికి అమ్మొచ్చు. 2019 నుంచి పరిమితి ఒక ఆర్డరుకు 5,000 యువాన్లు, మనిషికి ఏడాదికి 26,000. ఆ లోపలైతే సుంకం సున్నా, వ్యాట్, వినియోగ పన్ను మామూలుగా పడేదానిలో 70 శాతమే. ఎవరైనా మీకు చెప్పేది ఇంతవరకే. జాతరలో కొట్టు పెట్టాలంటే స్థలం అద్దె ముందే కట్టినట్టు, వేదికకు డిపాజిట్, ఏటా రుసుము, అమ్మకం మీద కమీషన్, అన్నీ మొదటి సీసా అమ్ముడుపోకముందే ఒప్పుకోవాలి. పైగా ఆ నియమాలు రాసేది బీజింగ్, మార్చేదీ బీజింగే.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు చెందిన పిల్లల పాలపొడి కంపెనీ బెల్లమీస్‌ని అడిగితే తెలుస్తుంది. 2008లో మెలమైన్ అనే హానికర రసాయనం కలిసిన పాలపొడి కుంభకోణం తర్వాత చైనా తల్లులు విదేశీ పాలపొడి కోసం వెతుక్కున్నారు. ఆస్ట్రేలియాలో చదువుకునే, పనిచేసే చైనీయులు సూపర్‌మార్కెట్లలో డబ్బాలు కొని ఇంటికి పంపేవాళ్లు. వాళ్లని దైగౌ అంటారు. బెల్లమీస్ ఆ ఊపు మీద ఎదిగింది. మరి 2016లో? కొత్త రిజిస్ట్రేషన్ నిబంధనలు వస్తున్నాయనగానే, అనుమతి రాదనుకున్న చిన్న బ్రాండ్లు నిల్వల్ని కారుచౌకగా వదిలించుకున్నాయి. ధరలు కూలాయి. 2016 డిసెంబరులో బెల్లమీస్ షేరు ఒక్క రోజులో 40 శాతానికి పైగా పడింది. 2018 జనవరి నుంచి మామూలు దిగుమతి దారిలో ప్రతి ఫార్ములాకీ రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. ఆ కాగితం కోసం కంపెనీ ఎదురుచూస్తూనే ఉండిపోయింది. చివరికి 2019లో చైనా పాల సంస్థ మెంగ్నియు దాన్ని సుమారు 150 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొనేసింది. మార్కెటింగ్ తప్పేమీ లేదు ఇందులో.

పేరు సంగతి ఆ సందేశంలో అసలు లేదు. చైనాలో ట్రేడ్‌మార్క్ సాధారణంగా ముందు దరఖాస్తు చేసినవాడిదే. ఐప్యాడ్ పేరు కోసం ఆపిల్ 2012లో ప్రోవ్యూ అనే సంస్థకు 6 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఆపిల్ ఇవ్వగలిగింది కాబట్టి సరిపోయింది.

విదేశీ బ్రాండ్ల మోజుకు ఒక్క పేరా చాలు. 2023లో స్వదేశీ సంస్థ లకిన్ కాఫీ చైనా అమ్మకాల్లో స్టార్‌బక్స్‌ని దాటింది. 2018 నవంబరులో చైనీయుల్ని అవమానించేలా ఉందన్న చాప్‌స్టిక్స్ ప్రకటన తెచ్చిన దుమారంలో ఇటలీ ఫ్యాషన్ సంస్థ డోల్చే అండ్ గబ్బానా షాంఘై ప్రదర్శన రద్దయింది, ఆన్‌లైన్ వేదికలు దాని సరుకు తీసేశాయి. 2021 మార్చిలో షిన్‌జియాంగ్ పత్తిలో బలవంతపు చాకిరీ ఆరోపణల వివాదంలో బట్టల బ్రాండ్ హెచ్ అండ్ ఎం టీమాల్ నుంచే కాదు, మ్యాపుల నుంచి కూడా పోయింది.

ఇక సందేశం చివర ఉండే వాక్యం: “ఈ రాత్రే వీచాట్ ఖాతా తెరవండి.” మన దేశం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఒకటి. గుంటూరు తేజ మిర్చి చైనాకు బాగానే వెళ్తోంది, కానీ టోకు కొనుగోలుదారుల చేతుల మీదుగా. దాన్ని తన పేరు మీద అక్కడి వంటింటికి అమ్ముకోవాలనుకునే వ్యాపారి ముందు చూసుకోవలసినవి రెండు: చైనాలో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, 2022 నుంచి విదేశీ ఆహార కర్మాగారాలకు తప్పనిసరైన చైనా కస్టమ్స్ నమోదు. లైవ్‌స్ట్రీమర్‌కి ఫోన్ చేయడం ఆ రెండూ వచ్చాకే.