గడియారానికి ఎవరి పేరు?

జేబు గడియారాలకు మళ్లీ గిరాకీ పెరిగిందని వేలం వార్తలు చూసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. టైటానిక్‌తో పాటు పోయిన కోటీశ్వరుడు ఆస్టర్ బంగారు గడియారం 2024లో 11.75 లక్షల పౌండ్లు పలికింది. చేసింది అమెరికాలోని వాల్తమ్ కంపెనీ. ఆ డబ్బు గడియారానికి కాదు, దాని మీద చెక్కిన ఆయన పొడి అక్షరాలకు. దీన్ని గడియారాల మీద ప్రేమ అంటే నేను ఒప్పుకోను.

ఆ ప్రేమ ఏమిటో తెలియాలంటే మినిట్ రిపీటర్ ఉన్న గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకోవాలి. కరెంటు దీపాలు లేని రోజుల్లో చీకట్లో టైం తెలుసుకోవడానికి పనికొచ్చిన ఏర్పాటు అది. పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల బుల్లి సుత్తులు చుట్టగా వంచిన ఉక్కు తీగల మీద కొడతాయి. ముందు గంటలు, తర్వాత జంట దెబ్బలతో పావుగంటలు, చివర మిగిలిన నిమిషాలు. 12:59కి నొక్కారనుకోండి: పన్నెండు, మూడు జంటలు, పద్నాలుగు. పెద్ద కచేరీయే! ఆ నాదం కుదిరేదాకా ఒక పనివాడు వింటాడు, తీగను ఆకురాయితో రవ్వంత అరగదీస్తాడు, మళ్లీ వింటాడు.

ఆ పనివాడెవరో ఎవరికీ పట్టదు. న్యూయార్క్ బ్యాంకర్ హెన్రీ గ్రేవ్స్ 1925లో ఆర్డరిస్తే స్విస్ కంపెనీ పాటెక్ ఫిలిప్ 1933లో అందించిన గడియారంలో 24 కాంప్లికేషన్లు, అంటే టైం చూపడం కాక చేసే అదనపు పనులు, ఉన్నాయి, న్యూయార్క్ రాత్రి ఆకాశం సహా. 2014లో జెనీవాలో 2.32 కోట్ల స్విస్ ఫ్రాంకులకు అమ్ముడైంది. దాని పేరు? హెన్రీ గ్రేవ్స్ సూపర్‌కాంప్లికేషన్. బ్రెగె కంపెనీ 160వ నంబరు గడియారం కథ ఇంకా విడ్డూరం. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వానెట్ కోసం 1783లో ఆర్డరిస్తే 1827లో పూర్తయింది. రాణి తల 1793లోనే తెగిపడింది. ఆమె కంటితో చూడని గడియారానికి ఆమె పేరే!

డబ్బు పెట్టేవాడు లేకపోతే ఇలాంటివి పుట్టేవే కావు కదా అంటారు. నిజమే. కానీ పక్కన ఇంకో పేరు రాస్తే బంగారం తరుగుతుందా?

మనమేం తక్కువ కాదు. మా ఊరి వాటర్ ట్యాంకు శిలాఫలకం మీద మంత్రిగారి నుంచి వార్డు మెంబరు దాకా అందరి పేర్లూ ఉన్నాయి, స్లాబు పోసిన మేస్త్రీ పేరు తప్ప. అదే పాలంపేటలో చూడండి. 1213లో గుడి కట్టించింది కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. జనం నోట నిలిచింది మాత్రం రామప్ప గుడి అని, అది శిల్పి పేరేనని తరతరాలుగా చెప్పుకుంటున్నాం.

2015లో స్విస్ కంపెనీ వాషెరాన్ కాన్‌స్టాంటిన్ 57 కాంప్లికేషన్లతో ఓ గడియారం చేసింది. బరువు కిలోకి కాస్త తక్కువ, ఏ జేబూ ఆపలేదు. ఎనిమిదేళ్లు దాని మీద కూర్చున్నది ముగ్గురు: మికే పింటస్, యానిక్ పింటస్, జాన్ లుక్ పెరాన్. 2024లో ఆ ముగ్గురే 63 కాంప్లికేషన్లతో ఇంకొకటి పూర్తి చేశారు. దానికి బర్క్‌లీ అని పేరు పెట్టారు. బర్క్‌లీ అంటే కొన్నాయన.