నొప్పి పుడితే నరం తెరుచుకుంటున్నట్టు కాదు

మా కోరుట్ల వైపు బీడీలు చేసే ఆడవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "రోజూ అధోముఖ శ్వానాసనం (అరచేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తే ఆసనం) వేస్తే 21 రోజుల్లో మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిర్లు పోతాయి. నొప్పి పుడితే నరం తెరుచుకుంటున్నట్టు, ఆపొద్దు. మణికట్టు పట్టీ, డాక్టర్ అక్కర్లేదు. అమెరికాలో రుజువైంది" అని. మా చిన్నమ్మ దీన్ని నమ్మి నెలన్నర చేసింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆసనం సంగతి. అరచేతి మొదట్లో ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే ఒక గట్టి కణజాలానికీ మధ్య ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను వంచే తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు బొటనవేలి వైపు వేళ్లకు వెళ్లే మీడియన్ నరం అందులోంచే పోతాయి. మణికట్టు ముందుకు వంగినా, వెనక్కి వంగినా అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఆసనంలో మణికట్టు వెనక్కి వంగడమే కాదు, ఒంటి బరువులో కొంత కూడా దానిమీద పడుతుంది. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీలు చుట్టి, ఒక్కోదాని మూతి వేలితో మడిచిన చేయి అది!

"నొప్పి పుడితే ఆపొద్దు" అన్న మాట మీదే నాకు ఎక్కువ కోపం. తిమ్మిరి పెరుగుతోందంటే నరం ఇంకా నలుగుతోందని అర్థం. "ఓర్చుకుంటే పోతది బిడ్డా" అంటూనే ఉంది చిన్నమ్మ. ఒకరోజు చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ బొటనవేలి కింద కండ ఉబ్బెత్తుగా ఉంది, కుడివైపు గుంట పడింది. నరం చాలాకాలంగా నలిగితే అలా అవుతుంది. పోయిన కండ మొత్తం తిరిగి రాకపోవచ్చని డాక్టర్ చెప్పారు.

డాక్టర్ ఎందుకంటే, అన్ని చేతి నొప్పులూ ఒకటి కావు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, రాత్రి లేచి చేయి విదిలించుకుంటుంటే ఈ నరాన్నే అనుమానించాలి. చిటికెనవేలైతే వేరే నరం. షుగర్, థైరాయిడ్ ఉన్నా ఈ నరం నలిగే జబ్బు రావచ్చు. పట్టీ కూడా ఉత్తదేం కాదు. రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచడం మొదట చేసే వైద్యాల్లో ఒకటి.

ఇక అమెరికా రుజువు. 1998లో అక్కడ ఈ జబ్బు ఉన్న 42 మందితో ఒక అధ్యయనం జరిగిన మాట నిజమే. యోగా చేసినవాళ్లు వారానికి రెండుసార్లు, 8 వారాలపాటు 11 ఆసనాలు వేశారు. చేతి పట్టు పెరిగింది, నొప్పి తగ్గింది. కానీ నరం పనితీరు పరీక్షలో, పట్టీ ఇచ్చినవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక్క ఆసనంతో 21 రోజుల్లో నయమైందని అందులో ఎక్కడా లేదు.

యోగా మానేయమని నేను అనను. చిన్నమ్మ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అప్పటిదాకా పట్టీ కట్టుకొని పడుకుంటోంది. పొద్దున కుర్చీలో కూర్చొని నాతోపాటు చేతులు పైకి చాపుతుంది, భుజాలు వెనక్కి తిప్పుతుంది. అరచేతుల మీద మాత్రం బరువు వేయనివ్వడం లేదు.