సవరణ: ఓల్డ్ కోర్సులో ఆట ఆదివారం కాదు, సోమవారం

అమలాపురం, భీమవరం మిత్రులం మే నెలలో వెళ్లే స్కాట్లాండ్ గోల్ఫ్ ట్రిప్ గురించి మొన్న రాసినదాంట్లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఆట ఆదివారం అని ఉంది. సోమవారంగా చదువుకోండి. ఆదివారం అక్కడ మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని వెంటబెట్టుకుని ఆ పచ్చిక మీదే షికారు చేస్తారు. సోమవారం ఆటకి శనివారమే బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేర్లివ్వాలి. తగులుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే పక్కనే 1895 నాటి న్యూ కోర్సు కూడా చూసుకుందాం, అదేం తక్కువది కాదు.

మైదానంలో తిరగడానికి బగ్గీ (చిన్న బండి) ఉంటుందన్న మాట కూడా కొట్టేయండి. ఆరోగ్య కారణం ఉంటే తప్ప ఓల్డ్ కోర్సులో 18 హోల్సూ, అంటే ఆట మొత్తం, నడకే. మోకాళ్ల నొప్పులున్న అన్నయ్యలు దయచేసి ఇప్పట్నుంచే పొద్దున్నే కాలవగట్టు మీద నడవండి.

యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసా స్కాట్లాండ్‌లో చెల్లదు, బ్రిటన్ వీసాయే తీసుకోవాలి.