‘పేదరికానికి కులం లేదు, లింగం లేదు’ అన్న వాదనకు ఖండన

విశాఖపట్నం వాట్సాప్ గ్రూపుల్లో విస్తృతంగా తిరుగుతున్న ఒక సందేశం నాలుగు మాటలు చెబుతుంది: కష్టపడేవారు పేదగా ఉండిపోరు, జీతం ఆడా మగా చూడదు, మార్కెట్ కులం అడగదు, తేడాలున్నా అవి డబ్బు తేడాలే కాబట్టి కులం, లింగం అంటూ విడదీసి మాట్లాడటం సమాజాన్ని చీల్చడమే. చదువుకున్నవారు సైతం దీన్ని మెచ్చుకుంటూ ముందుకు పంపుతున్నారు.

కష్టం సంగతి ఫిషింగ్ హార్బర్‌లో చూడవచ్చు. వేటకు వెళ్లేది మగవారు; ఒడ్డుకు చేరిన చేపను పాటలో కొని, గంపకెత్తి, వీధివీధీ తిరిగి అమ్మేదీ, మిగిలినదాన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టేదీ ఎక్కువగా ఆడవారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి 2019లో 10,000 రూపాయలకూ, 2025లో 20,000 రూపాయలకూ పెరిగింది. అయితే అది పడవల మీద వేటకు వెళ్లేవారిని లెక్కించి ఇచ్చేది. చేప రాని రోజుల్లో అమ్మేవారికీ ఆదాయం ఉండదు గానీ, వారి పని ఆ లెక్కలోకి రాదు. డబ్బు ఎలాగూ ఇంటికే చేరుతుంది కదా అనవచ్చు. వేటకు వెళ్లే మగవాడున్న ఇంటికి చేరుతుంది. భర్త పోయి, చేపలమ్ముకుంటూ పిల్లలను సాకుతున్న స్త్రీ ఇంటికి చేరదు. ఇక మగవారిలోనూ బోటు యజమానికీ, దాని మీద పనిచేసే కళాసీకీ మధ్య ఉన్న దూరం తక్కువేమీ కాదు. కులం ఒకటే అయినా వర్గం వేరు, వర్గం ఒకటే అయినా ఆడవారి స్థానం వేరు. 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. ఇది కష్టం కాదనుకుంటే తప్ప సందేశంలోని మొదటి మాట నిలవదు.

జీతం ఆడా మగా చూడదన్నది కాగితం మీద నిజమే. 1976 నాటి సమాన వేతన చట్టం సరిగ్గా ఆ మాటే చెప్పింది. కానీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్, మినహాయింపులుంటే తప్ప, ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే స్త్రీలు కర్మాగారంలో పనిచేయవచ్చని నిర్దేశించింది. మూడు షిఫ్టుల్లో నడిచే ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం వంటి వాటి మీద బతికిన నగరంలో మంచి జీతం, క్వార్టర్సు, పింఛను ఉన్న ఉద్యోగాలు దశాబ్దాల పాటు ఎవరి చేతికి అందాయో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మార్కెట్ కులం అడగదన్న మాటను పరిశోధకులు నేరుగానే పరీక్షించారు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే స్థాయి అర్హతలున్న దరఖాస్తులను ప్రైవేటు సంస్థలకు పంపినప్పుడు, దళిత, ముస్లిం పేర్లున్న వాటికి పిలుపులు తక్కువగా వచ్చాయి. అమెరికాలో 2004లో వెలువడిన ఇటువంటి అధ్యయనం నల్లజాతివారి పేర్ల విషయంలోనూ అదే చూపింది. అక్కడ జాతి, ఇక్కడ కులం. పేరు చదివిన క్షణంలోనే వడపోత జరుగుతోంది. అంత దూరం వెళ్లనక్కర లేదు: నగరంలోని పారిశుద్ధ్య పనిలో దళితుల్లో ఒకరైన రెల్లి కులస్థులు తరతరాలుగా ఉన్నారు. అది కేవలం పేదరికం వల్ల చేసే పనైతే, మిగతా కులాల్లోని పేదలు ఆ పనికి అంతగా ఎందుకు రాలేదో సందేశం రాసినవారు చెప్పాలి.

అన్నీ డబ్బు తేడాలేనన్న చివరి మాటలో కొంత నిజముంది. పేద అగ్రవర్ణ యువకుడి ఇబ్బంది అసలైనదే. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా 10 శాతం రిజర్వేషన్ వచ్చిందీ అందుకే. అయితే డబ్బున్నవారికి ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది అడగవలసిన ప్రశ్న. నగర శివారు మధురవాడ వైపు గజాల లెక్కన అమ్ముడైన భూములు ఒకప్పటి పొలాలు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది. 2005 కేంద్ర సవరణ ఆ మినహాయింపును తొలగించినా, 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన పంపకాలను కదిలించలేదు. భూమి ధర పెరగకముందే అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో ఆడబిడ్డకు మిగిలింది పసుపు కుంకుమే. ఆ పొలాల్లో కూలికి వెళ్లిన దళిత కుటుంబాలకైతే పంచుకోవడానికే ఏమీ లేదు. పాడేరు, అరకు ప్రాంతాల ఆదివాసీ స్త్రీలకు హిందూ వారసత్వ చట్టమే వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలను అందులోని 2(2) సెక్షన్ పక్కన పెట్టింది.

విడదీసి మాట్లాడటం చీల్చడమే అయితే, చట్టాలు ఆ పని ఎప్పుడో చేశాయి. ఉక్కు కర్మాగారానికి భూములు సేకరించిన రోజుల్లో అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టం, భూమి మీద హక్కున్నవారి నష్టాన్నే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2013 చట్టం కౌలుదార్లనూ వ్యవసాయ కూలీలనూ కూడా బాధిత కుటుంబాల్లో చేర్చి, వితంతువులనూ, విడాకులు పొందినవారినీ, కుటుంబాలు వదిలేసిన స్త్రీలనూ విడి కుటుంబాలుగా లెక్కించాలని చెప్పింది.