ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కావాల్సింది పక్కన ఒక మనిషి

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే, చిన్నప్పటినుంచీ ఉండే మెదడు సమస్య) ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని పని ఎలా చేసుకోవాలో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలుగా దొరుకుతాయి. పొద్దున్నే లేవాలి, పనుల జాబితా రాసుకోవాలి, ఫోన్ పక్క గదిలో పెట్టాలి, టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు పనిచేసి ఐదు నిమిషాలు ఆగాలి. ఏ సలహాలోనూ తప్పు లేదు. చిక్కల్లా ఏమిటంటే, వీటిని రోజూ పాటించగలిగే మనిషికి అసలు వీటి అవసరమే ఉండదు. పొద్దున రాసుకున్న జాబితాను మధ్యాహ్నం మళ్లీ తెరిచి చూడాలని గుర్తుండాలి. ఐదు నిమిషాలకని లేచినవాడు ఐదు నిమిషాల్లోనే తిరిగి వచ్చి కూర్చోవాలి. ఏడీహెచ్‌డీ దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే.

దీని మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు రస్సెల్ బార్‌క్లీ ఎప్పటినుంచో చెబుతున్నదీ ఇదే. వీళ్లకు ఏం చేయాలో తెలుసు, తెలిసినదాన్ని ఆ సమయానికి చేయలేకపోవడమే ఇబ్బంది అంటారాయన. అందుకే సాయం తలలో కాకుండా బయట, పని జరిగే చోటే ఉండాలంటారు. నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. అలాంటి బయటి సాయాల్లో అన్నిటికన్నా బలమైనది ఇంకో మనిషి. యాప్‌ను స్వైప్ చేసి పక్కన పెట్టేస్తాం, అలారాన్ని నిద్రలోనే ఆపేస్తాం. ఎదురుగా కూర్చుని తన పని తాను చేసుకుంటున్న మనిషిని అలా ఆపేయలేం.

దీనికి రుజువు కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు, మన ఇంటర్ హాస్టళ్లు చాలు. "తెలివైనవాడే, కానీ కుదురుగా కూర్చోడు" అని స్కూల్లో అనిపించుకున్న పిల్లలు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరాక ర్యాంకులు తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. అలాగని వాళ్లందరికీ ఏడీహెచ్‌డీ ఉందని కాదు. కానీ ఉన్నవాళ్లకు అక్కడ ఏం దొరికిందో చూడండి. తెల్లవారకముందే లేపే మనిషి. స్టడీ అవర్స్‌లో బెంచీల మధ్య తిరిగే ఇన్‌చార్జి. వారం వారం పరీక్ష, మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద మార్కులు. చుట్టూ తలలు వంచుకుని చదువుతున్న గదినిండా పిల్లలు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఇది అయ్యాక ఏది చదవాలి అన్నవాటిలో ఒక్కటి కూడా ఆ పిల్లాడు తేల్చుకోనక్కర్లేదు. మెదడులో ఏ పని బలహీనంగా ఉందో ఆ పనిని హాస్టల్ తన నెత్తిన వేసుకుంది. రెండేళ్లపాటు లోపం బయటపడలేదు, అంతే.

ఆ తర్వాత కూడా ఊతం దొరుకుతూనే వచ్చింది. ఇంజినీరింగ్‌లో పరీక్ష ముందు రాత్రి రూమ్మేట్లు, ఉద్యోగంలో పక్క సీటు, పదింటికి స్టాండప్ మీటింగ్, అప్పుడప్పుడూ భుజం మీదుగా తొంగిచూసే టీమ్ లీడ్. 2020 మార్చిలో లాక్‌డౌన్ రావడంతో అవన్నీ ఒక్కసారిగా పోయాయి. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, స్క్రీన్ మీద కెమెరా ఆపేసిన చిన్న చిన్న గళ్లు మిగిలాయి. పదేళ్ల ఉద్యోగంలో ఎవరితోనూ మాట పడనివాళ్లు, ఒక మెయిల్‌కు జవాబు ఇవ్వడానికి మూడు రోజులు ఎందుకు పడుతోందో తెలియక తమను తామే తిట్టుకున్నారు.

ఆ హాస్టళ్లను మెచ్చుకుంటున్నానని అనుకోవద్దు. పిల్లల్ని అంతగా నలిపేసిన పద్ధతి గురించి చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఒక్కటీ లేదు. అక్కడ పని చేయించినవి రెండు, భయమూ తోడూ. భయాన్ని వదిలేసి తోడును మాత్రం దాచుకోవచ్చన్నదే నా మాట.

ఇదంతా బద్ధకానికి పెట్టిన ఇంగ్లిషు పేరనీ, రీల్స్ చూసి చూసి అందరికీ ఏకాగ్రత పోయిందనీ అనేవాళ్లున్నారు. రీల్స్ వల్ల నష్టం ఉంది, కాదనను. కానీ ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలని మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 పుస్తకం స్పష్టంగా చెబుతోంది. పెద్దవాళ్లలో దాదాపు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని కూడా అందులోనే ఉంది. ముప్పై ఏళ్లు దాటాక ఫోన్ వల్ల వచ్చిన అలవాటును ఎవరూ ఆ లెక్కలో వేయరు. ఇక మందులతో సరిపోతుందనేవాళ్లకు: మిథైల్‌ఫెనిడేట్ లాంటివి చాలామందికి బాగా పనిచేస్తాయి, సైకియాట్రిస్టు రాసిస్తే వాడాల్సిందే. అయితే మాత్ర వేసుకున్నాక కుదిరిన ధ్యాస టైమ్‌షీట్ మీదికే వెళ్తుందన్న హామీ లేదు. అది అల్మరా సర్దడం మీదికీ వెళ్లొచ్చు. మధ్యాహ్నం రెండింటికి అల్మరా అద్దంలా మెరుస్తుంటుంది, టైమ్‌షీట్ మాత్రం ఖాళీగానే ఉంటుంది.

పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని పనిచేయడాన్ని ఇప్పుడు బాడీ డబ్లింగ్ అంటున్నారు. ఏడీహెచ్‌డీ విషయంలో దీని మీద జరిగిన పరిశోధన తక్కువే, పాటించేవాళ్ల అనుభవమే ఎక్కువ. అయినా వెనకున్న సూత్రం పాతది. సైకిల్ పందేల్లో ఒంటరిగా తొక్కేవాళ్లకన్నా పక్కన ఇంకొకరు ఉన్నవాళ్లు వేగంగా వెళ్లడం గమనించి అమెరికన్ సైకాలజిస్టు నార్మన్ ట్రిప్లెట్ 1898లోనే దాని మీద ప్రయోగం చేశారు. పక్కన మనుషులుంటే బాగా వచ్చిన పనులు చురుగ్గా సాగుతాయనీ, కొత్తవీ కష్టమైనవీ కుంటుపడతాయనీ 1965లో సైకాలజిస్టు రాబర్ట్ జైయన్స్ వివరించారు. ఇంట్లో ఆగిపోయే పనులు ఏమిటో ఒకసారి చూడండి: మెయిల్ జవాబులు, డాక్యుమెంటేషన్, ఖర్చుల బిల్లులు, టెస్ట్ కేసులు. అన్నీ చేతనైనవే. మొదలవ్వవు, అదే గొడవ. కొత్త డిజైన్ గురించి ఆలోచించాల్సి వస్తే తలుపు వేసుకోండి, మిగతావాటికి మనిషిని వెతుక్కోండి.

వెతుక్కోవడం పెద్ద కష్టం కాదు. స్నేహితుడితో వీడియో కాల్ పెట్టుకోండి, ఇద్దరూ కెమెరా ఆన్, మైక్ ఆఫ్. ఈ గంటలో ఏం చేస్తారో ముందు ఒక్క వాక్యంలో చెప్పుకోండి, గంటయ్యాక అయిందో లేదో చెప్పుకోండి. ఒకే ఊళ్లో ఉంటే మీరే వాళ్లింటికి వెళ్లండి. భార్యో భర్తో పక్కన కూర్చుని కరెంటు బిల్లులు చూసుకుంటున్నా చాలు. కాకపోతే ఆ మనిషి లెక్క అడిగేవాడు కాకూడదు. "ఇంకా అవ్వలేదా?" అన్న మాట వచ్చిందంటే అది మళ్లీ హాస్టలే.

ఇల్లంతా మనుషులే కదా, ఇంకా తోడెందుకు అని అడగొచ్చు. ఉన్నారు, కానీ వాళ్లు పని చెప్పేవాళ్లు. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు కదా, గ్యాస్ బండ వస్తుంది చూడు." "అమ్మా, కొరియర్ వచ్చినట్టుంది." పొయ్యి మీద కుక్కర్, ఎన్ని విజిళ్లు వచ్చాయో లెక్కపెట్టే బాధ్యత కూడా మీదే. మామూలు మనిషి గ్యాస్ బండ దింపించి వచ్చి ఆపిన చోట అందుకుంటాడు. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి తిరిగి వచ్చేసరికి ఏం చేస్తున్నాడో ఆ తీగే తెగిపోయి ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే కోడలైతే ఈ పురమాయింపులు రెట్టింపు. పైగా ఆడపిల్లల్లో గెంతడం, అల్లరి తక్కువగా, పరధ్యానం ఎక్కువగా ఉండటంతో చిన్నప్పుడు ఎవరూ గుర్తించరు. ఆ పరధ్యానానికి పెళ్లయ్యాక మతిమరుపనీ నిర్లక్ష్యమనీ పేర్లు పెడతారు.

అంటే కావాల్సింది ఇల్లూ కాదు, గంటన్నర ట్రాఫిక్ దాటి వెళ్లే ఆఫీసూ కాదు. నడిచి వెళ్లేంత దూరంలో, నలుగురు ఎవరి పని వాళ్లు చేసుకునే గది. అలాంటి గది ఎంత పనిచేస్తుందో చూడాలంటే హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలు అశోక్‌నగర్ గదుల్లోంచి పుస్తకాలు, వాటర్ బాటిల్, టిఫిన్ బాక్సు పట్టుకుని పొద్దున్నే వచ్చేస్తారు. చాలామంది అక్కడి పుస్తకం ఒక్కటీ ముట్టుకోరు. గదిలో కుర్చీ లేక వచ్చినవాళ్లు కొందరుంటారు, కుర్చీ ఉన్నా చదువు సాగక వచ్చినవాళ్లే ఎక్కువ. బాడీ డబ్లింగ్ అనే మాట వాళ్లలో ఎంతమంది విన్నారో తెలియదు గానీ, అంత పెద్ద ఎత్తున దాన్ని పాటించే చోటు మన దగ్గర ఇంకోటి ఉండకపోవచ్చు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నవాళ్లం, 1918లో వేటపాలెం లాంటి ఊళ్లో సారస్వత నికేతనం నిలబెట్టుకున్నవాళ్లం. 1960 నుంచి గ్రంథాలయ చట్టం ఉంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. మునిసిపాలిటీలూ పంచాయతీలూ ఆ డబ్బు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకు ఏళ్ల తరబడి బకాయి పడటం పేపర్లలో వస్తూనే ఉంటుంది. శాఖా గ్రంథాలయం మధ్యాహ్నం మూసేస్తారు, ప్లగ్ పాయింట్ ఉండదు, వైఫై ఉండదు, ఆడవాళ్లు నమ్మి వెళ్లే బాత్రూమ్ ఉండదు. ప్రభుత్వ గది అలా పడి ఉంటే, వీధి చివర ప్రైవేటు స్టడీ హాల్ నెలకు అద్దె తీసుకుని కుర్చీ అమ్ముకుంటోంది.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం, వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్ద ఎత్తున తెస్తామన్నారు. పట్టణాల్లో, మండలాల్లో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్లకు ప్రోత్సాహకాలు ఇస్తామనీ చెప్పారు. మంచి ఆలోచనే. కానీ ఆ స్థలాలు కంపెనీల ఐడీ కార్డు ఉన్నవాళ్లకే తెరుచుకుంటే ఫ్రీలాన్సర్‌కూ, పరీక్షకు చదివే పిల్లకూ, ఉద్యోగం మారే మధ్యలో ఉన్నవాడికీ చోటు ఉండదు. ఇక ఏడీహెచ్‌డీ కారణం చూపించి సదుపాయం అడుగుదామంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో దాని పేరే లేదు. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉన్నాయి, ఇది లేదు. సర్టిఫికెట్ అడగకుండా ఎవరినైనా లోపలికి రానిచ్చే గదిగా మనకు ఉన్నది గ్రంథాలయం ఒక్కటే. కొత్త భవనాలకు ప్రోత్సాహకాలు ఇచ్చే ముందు, ఉన్న శాఖా గ్రంథాలయాలకు సెస్సు బకాయిలు చెల్లించి, రాత్రి తొమ్మిది దాకా తెరిచి, ప్రతి టేబుల్‌కూ ఒక ప్లగ్ పాయింట్ పెట్టించాలి.